మన ఎండకు, మన నీళ్లకు సరిపడే సింగారం

అందం గురించి వచ్చే సలహాల్లో చాలావరకు ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి నడిచేవాళ్ల కోసం రాసినట్టు ఉంటాయి. మే నెల మధ్యాహ్నం సూర్యాపేట బస్టాండులో నిలబడే టీచరమ్మకు, కోదాడలో రోజూ స్కూటీ మీద కాలేజీకి పోయే అమ్మాయికి, మిర్యాలగూడలో రైస్‌మిల్లుల పక్క వీధిలో కుట్టుమిషన్ తొక్కే ఆమెకు అవి అంతగా పనికిరావు. అయిదు పొరల మేకప్ ఇక్కడి ఎండలో పది నిమిషాలు నిలవదు. మెత్తటి నీళ్లున్న ఊళ్లో బాగా పనిచేసిన షాంపూ ఇక్కడి బోరు నీళ్లకు సరిగా నురుగివ్వదు.

అందుకని ఏం రాసుకోవాలో తేల్చుకునే ముందు మన చుట్టూ ఉన్న మూడింటిని అర్థం చేసుకోవాలి. ఇంటికొచ్చే నీళ్లు, నెత్తిమీది ఎండ, రోడ్డు మీది దుమ్ము. ఈ మూడింటినుంచీ ముఖాన్ని, జుట్టును కాపాడుకుంటే సగం సింగారం అయినట్టే. రంగులకు పెట్టే ఖర్చు దానంతట అదే తగ్గుతుంది. ఇక నాలుగోది మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే ట్యూబు. ఎండా నీళ్లూ చేసిన నష్టాన్ని చాలావరకు సరిచేసుకోవచ్చు. ఆ ట్యూబు చేసిన నష్టం తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. దాని గురించి కాస్త ఎక్కువగా చెప్పుకోవాలి.

ముందు నీళ్ల సంగతి

ఉమ్మడి నల్లగొండ జిల్లా నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. జుట్టు ఊడినా ఆ ఫ్లోరైడ్‌నే తిడతాం. ఫ్లోరైడ్ చేసే హాని తాగడం వల్ల వచ్చేది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల తరబడి తాగినవాళ్ల పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. జుట్టు గరుకెక్కడానికి కారణం వేరు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే దానికి మూలం. మనం ఉప్పు నీళ్లు, గట్టి నీళ్లు అంటున్నది ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లనే. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టుకున్న లెక్కలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు సర్దుకోవచ్చు.

మీ ఇంటి నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి పరీక్షలు అక్కర్లేదు. బకెట్ అంచున, గీజర్ లోపల, నల్లా మూతి దగ్గర తెల్లటి పొర కడుతుంటే గట్టివే. ఆ లవణాలు సబ్బుతో కలిసి కరగని తెల్లటి మడ్డిగా మారి వెంట్రుకలకు అంటుకుంటాయి. దానివల్ల జుట్టు మెరుపు తగ్గి, గరుకుగా తయారై, చిక్కుపడి దువ్వేటప్పుడు తెగుతుంది. ఒక విషయం గమనించండి. తెగడం వేరు, కుదురుతో ఊడడం వేరు. దువ్వెనలో మిగిలిన వెంట్రుక చివర చిన్న తెల్లటి గుండు ఉంటే అది కుదురునుంచి ఊడింది. లేకపోతే మధ్యలో తెగింది. గట్టి నీళ్ల వల్ల వచ్చే చిక్కు ఎక్కువగా తెగడమే.

దీనికి మన ఊళ్లలోనే ఒక సులువు ఉంది. 1967 నుంచి నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు పారుతున్నాయి. తాగునీటి పథకం మిషన్ భగీరథ వచ్చాక శుద్ధిచేసిన నదీజలం ఇళ్ల నల్లాలకూ చేరింది. చాలా ఇళ్లలో తాగడానికి నల్లా నీళ్లు, స్నానానికి బోరు నీళ్లు వాడతారు. తల రుద్దుకోవడం బోరు నీళ్లతో కానిచ్చినా, చివరి రెండు చెంబులు మాత్రం నల్లా నీళ్లు పోసుకోండి. నల్లా నీళ్లు లేకపోతే బోరు నీళ్లను మరిగించి, చల్లార్చి, అడుగున తెల్లటి మడ్డి దిగాక పైన తేరిన నీళ్లు వాడండి. మరిగిస్తే కాఠిన్యం అంతా పోదు కానీ కొంత తగ్గుతుంది. లీటరు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి చివర్లో జుట్టు మీద పోసుకుని, వెంటనే మంచినీళ్లతో కడిగేసుకున్నా ఆ పొర కొంత వదులుతుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకునే అలవాటుంటే మానేయండి. గట్టి నీళ్లలో మడ్డి కట్టేది ప్రధానంగా సబ్బే. షాంపూలకు ఆ ఇబ్బంది బాగా తక్కువ.

తలంటు, నూనె, దువ్వెన

కుంకుడుకాయ గొప్పతనం అందులోని సాపోనిన్లది. నురుగిచ్చి మురికి వదిలిస్తాయి. సబ్బుకు క్షారగుణం ఉంటే, కుంకుడు రసానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. మాడు చర్మానికి అదే దగ్గరి గుణం. కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి, పలచటి బట్టలో వడకట్టి వాడండి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుని చిక్కు పెరుగుతుంది. కళ్లలో పడితే మండుతుంది కాబట్టి పిల్లలకు తలంటేటప్పుడు నుదుటి మీద తువ్వాలు అడ్డంపెట్టండి. కుంకుడుకు తీరిక లేనివాళ్లు మామూలు షాంపూనే కొద్దిగా నీళ్లలో కలిపి మాడుకు మాత్రం రుద్దుకోవాలి. జుట్టు పొడవునా రుద్దక్కర్లేదు. కడుగుతున్నప్పుడు జారే నురుగే కొసలకు చాలు. కండిషనర్‌ది దీనికి తలకిందుల లెక్క. కొసలకు రాసి, మాడుకు తగలకుండా చూసుకోవాలి.

కొబ్బరినూనె మన అమ్మమ్మలు ఊరికే రాయలేదు. తలస్నానానికి ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, కడిగేటప్పుడు అందులోని మాంసకృత్తులు పోకుండా ఆపుతుందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేకపోయాయి. కాబట్టి తలంటుకు గంట ముందో, ముందురోజు రాత్రో రాస్తే చాలు. రోజూ నూనె పెట్టుకుని 65వ నంబరు జాతీయ రహదారి మీద బండి నడిపితే దారిలోని దుమ్మంతా తలలోనే ఉంటుంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారిలో తిరిగేవాళ్లయితే మరీ జాగ్రత్తపడాలి. జుట్టును వదులుగా జడ వేసి, కాటన్ గుడ్డ కట్టి, దానిపైన హెల్మెట్ పెట్టుకోండి. ఆ గుడ్డను రెండు రోజులకోసారైనా ఉతకండి.

చుండ్రుకు నూనె మందనుకుంటాం. చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రం బతికేది మాడు మీది జిడ్డుతోనే. నూనె రాస్తే పొట్టు కాసేపు కనిపించదు, సమస్య అలాగే ఉంటుంది. కీటోకొనజోల్ ఉన్న షాంపూను వారానికి రెండుసార్లు, తలమీద అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. నాలుగు వారాలకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

తడి జుట్టును గట్టిగా దువ్వకండి. తడిసిన వెంట్రుక సాగి తెగుతుంది. పెద్దపళ్ల దువ్వెనతో కొసలనుంచి మొదలుపెట్టి పైకి రావాలి. నుదురు లాగేంత బిగుతుగా రోజూ జడ వేస్తే చెంపల దగ్గర, నుదుటి దగ్గర జుట్టు పలచబడుతుంది. అక్కడి కుదుళ్లు ఏళ్లపాటు అలా లాగబడితే తిరిగి మొలవవు. బడికి పోయే ఆడపిల్లల రెండు జడల విషయంలో తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడడం మామూలే. అంతకుమించి ఊడుతుంటే షాంపూ మార్చే ముందు ఒంట్లో సంగతి చూసుకోండి. టైఫాయిడ్, డెంగీ, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా ఊడడం, ఆరేడు నెలల్లో మళ్లీ రావడం సాధారణం. దానికి కంగారుపడి ఖరీదైన నూనెలు కొనక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఐరన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా జుట్టు రాలుతుంది. ఒక రక్తపరీక్ష చెప్పే నిజాన్ని పది రకాల నూనెలు చెప్పలేవు.

ఎండకు కట్టే ఆనకట్ట

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. వేడికి చెమట పోస్తుంది, ఎండకు చర్మం కమిలిపోతుంది. మంగు మచ్చలను ముదిరించేది మాత్రం వేడి ఒక్కటే కాదు, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా. మబ్బు పట్టిన రోజూ అవి ఉంటాయి. అందులో యూవీఏ రకం బస్సు కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. రోజూ హైదరాబాద్‌కో విజయవాడకో కిటికీ పక్కన కూర్చుని ప్రయాణించేవాళ్లకు ఒకవైపు చెంప ఎక్కువ నల్లబడడానికి ఇదే కారణం.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు రెండు గుర్తులు చూడాలి. ఎస్‌పీఎఫ్ అనే అంకె యూవీబీ అనే మరో రకం కిరణాల గురించి చెబుతుంది. 15 అయితే సుమారు 93 శాతం, 30 అయితే 97 శాతం, 50 అయితే 98 శాతం ఆపుతుంది. 30కీ 50కీ తేడా కొద్దిగానే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. రెండోది పీఏ గుర్తు. దాని పక్కన ప్లస్‌లు మూడో నాలుగో ఉంటే యూవీఏ నుంచీ రక్షణ ఉన్నట్టు. అయితే బఠాణీ గింజంత రాసుకుంటే ఆ అంకెలేవీ వర్తించవు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీసినంత ముఖానికీ మెడకూ కావాలి. బయటికి పోయే పావుగంట ముందు రాసుకుని, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి.

మంగు మచ్చలు ఉన్నవాళ్లు రంగు కలిసిన సన్‌స్క్రీన్ తీసుకుంటే మేలు. మన చామనఛాయ చర్మంలో మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది. ఆ రంగులోని ఐరన్ ఆక్సైడ్ దాన్ని అడ్డుకుంటుంది.

నాట్లకు, పత్తి తీతకు, మిరప ఏరడానికి పోయే అక్కాచెల్లెళ్లకు రోజంతా క్రీము పూయడం కుదిరే పని కాదు. వాళ్లకు నేత దగ్గరగా ఉన్న ముదురురంగు కాటన్ చీరకొంగు, పొడుగుచేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ నిజమైన రక్షణ. మిరప ఏరాక చేతులు ముఖానికి తగలనివ్వకండి. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు కాస్త వంటనూనె రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడిగితే మంట త్వరగా తగ్గుతుంది.

చీటీ లేని ట్యూబు

ఇక అసలు భయపడాల్సిన చోటికి వద్దాం. ముఖం మీద మచ్చ కనిపించగానే పక్కింటివాళ్లు ఒక ట్యూబు పేరు చెబుతారు. మెడికల్ షాపువాళ్లు అడగ్గానే ఇస్తారు. వారం తిరక్కుండా ముఖం తెల్లగా, నున్నగా అవుతుంది. అందులో ఉన్నది స్టెరాయిడ్. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, వాపును అణిచి, తాత్కాలికంగా ముఖాన్ని తేటగా చూపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలుతాయి. మొటిమలు గుంపులుగా వస్తాయి, చెంపల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే ముఖం మండిపోతుంది. ఆ మంట భరించలేక మళ్లీ అదే రాస్తారు. చర్మవైద్యులు దీన్ని స్టెరాయిడ్‌తో పాడైన ముఖం అని విడిగా ఒక జబ్బుగానే గుర్తించారు.

ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లుటికసోన్ అన్న పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. తామరకని అమ్మే కలగలుపు క్రీముల్లోనూ ఇవి ఉంటాయి. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకుండా చర్మవైద్యుల దగ్గరికి పోవాలి. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెబుతారు.

రెండో ప్రమాదం ఊరూపేరూ లేని తెల్లబరిచే క్రీములు. వీటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారుకాకుండా అది ఆపుతుంది, ఒంట్లోకి ఇంకి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు 2021–23 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వాళ్లలో 15 మందికి ఆ జబ్బులోనే అరుదైన ఒక రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది ఇలాంటి క్రీములు వాడినవాళ్లే. మన 2020 కాస్మెటిక్స్ నియమాలు పాదరసం కలపడాన్ని నిషేధించాయి. తెలియకుండా చేరినది కూడా పదిలక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. కంటి చుట్టూ వాడేవాటికి ఆ హద్దు 70 వంతులు. అందుకే డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటి లేకపోయినా తిరిగి ఇచ్చేయండి.

ఈ సందర్భంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పుట్టుకతో వచ్చిన ఛాయను ఏ క్రీమూ సురక్షితంగా మార్చలేదు. మార్చాల్సిన అవసరమూ లేదు. ఎండకు కమిలిన నలుపు తగ్గుతుంది, మచ్చ తగ్గుతుంది, కళ పెరుగుతుంది. అంతవరకే ఆశించాలి. పెళ్లిచూపుల పేరుతో ఆడపిల్లకు ఇలాంటి ట్యూబు కొనిచ్చే పెద్దలు ఆమె ఆరోగ్యాన్ని పణంగా పెడుతున్నారు.

పది నిమిషాల మేకప్

రోజువారీ మేకప్‌కు ఇంత చాలు. ముఖం కడుక్కుని, పలచటి మాయిశ్చరైజర్, దానిపైన సన్‌స్క్రీన్ రాసి అయిదు నిమిషాలు ఆగండి. మచ్చ ఉన్నచోట మాత్రమే కన్సీలర్‌ను వేలితో అద్దండి, రుద్దకండి. ముక్కు, నుదురు, గడ్డం మీద కాస్త పౌడర్. కాటుక, పెదాలకు రంగు, బొట్టు. ఫౌండేషన్ వాడదలిస్తే దాని రంగును చేతి వెనుక చూడకూడదు. దవడ అంచున కొద్దిగా రాసుకుని, షాపు బయటికి వచ్చి పగటి వెలుతురులో చూసుకోవాలి. చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోయేదే మీ రంగు. ఒక మెట్టు తెల్లటిది కొంటే మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు అవుతాయి, ఫొటోల్లో బూడిద పూసినట్టు పడతాయి.

చెమట పడితే తుడవకుండా మెత్తటి కాగితంతో అద్దండి. బతుకమ్మకో, సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకో పోయి గంటల తరబడి జనంలో తిరిగే రోజున పొరలు పెంచకండి. కాటుకను పై రెప్పకు మాత్రమే పెట్టుకుంటే కిందికి కారదు. కాటుక పుల్ల, లిప్‌స్టిక్ అక్కాచెల్లెళ్ల మధ్య కూడా మార్చుకోవద్దు. కంటి కలక, పెదవి పొక్కులు అలాగే పాకుతాయి. మస్కారాను తెరిచిన మూడు నుంచి ఆరు నెలల్లో పారేయాలి. స్పాంజిని, బ్రష్‌ను వారానికోసారి షాంపూతో కడిగి ఎండబెట్టాలి. పసిపిల్లల కళ్లకు కాటుక పెట్టొద్దు. కొన్ని సుర్మా, కాటుకల్లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడుకు హాని.

రాత్రి పడుకునే ముందు మేకప్ తీసేయడం దాన్ని వేసుకోవడం కంటే ముఖ్యం. కాటుకను, లిప్‌స్టిక్‌ను దూదికి రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది తుడిచి, ఆ తర్వాత మృదువైన ఫేస్‌వాష్‌తో కడగండి. మొటిమలున్నవాళ్లు ముఖమంతా నూనె పూయకండి.

పసుపు, బొట్టు, గోరింటాకు

మన పాత సింగారంలో మంచి చాలా ఉంది. పెసరపిండి నలుగు జిడ్డును మెత్తగా తీస్తుంది. పసుపు మంచిదే కానీ పొడి బజారులో కొంటే కల్తీ రంగుల భయం ఉంది. చిటికెడు పొడిని గ్లాసు నీళ్లలో వేసి కదపకుండా ఉంచండి. అడుగుకు దిగి పైన లేత పసుపు మిగిలితే సరే. నీళ్లన్నీ ముదురు పసుపైతే రంగు కలిపినట్టు. కొమ్ములు కొని దంచుకోవడం ఉత్తమం. నిమ్మకాయ ముక్కను నేరుగా ముఖానికి రుద్దుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టు మచ్చపడుతుంది. వంటసోడా, టూత్‌పేస్ట్ ముఖానికి అసలే వద్దు.

స్టిక్కర్ బొట్టుబిళ్ల జిగురులోని కొన్ని రసాయనాలు చర్మపు రంగు కణాలను చంపి, అక్కడ తెల్లమచ్చ తెప్పించగలవు. రాత్రి బిళ్ల తీసేయండి. దురద, ఎరుపు మొదలవగానే స్టిక్కర్ మానేసి పసుపుతో చేసిన మంచి కుంకుమకు మారండి.

గోరింటాకు సహజంగా నారింజ, ఎరుపు రంగుల్లో పండుతుంది. నిమిషాల్లో నల్లగా పండే కోన్లలో పీపీడీ అనే హెయిర్‌డై రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. ఒకసారి దానివల్ల అలర్జీ వస్తే తర్వాత జీవితాంతం హెయిర్‌డై కూడా పడకపోవచ్చు. డై వేసుకునే ప్రతిసారీ చెవి వెనుక చుక్క పెట్టి 48 గంటలు చూడండి. నిరుడు పడింది కదా అని ఈసారి వదిలేయొద్దు.

పెళ్లికి ముందు, పార్లర్‌లో

బ్లీచ్, కొత్త ఫేషియల్ లాంటివి పెళ్లికి ముందురోజు చేయించుకోవద్దు. ఒళ్లు పడకపోతే సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. కనీసం పది రోజుల ముందే ప్రయత్నించి చూసుకోవాలి. ఐబ్రోస్‌కు కొత్త దారం తీయమని అడగండి. అది మీ హక్కు. బరువైన పూలజడ కట్టించుకుంటే ఫొటోలు అయిన వెంటనే విప్పేయండి.

స్మూతనింగ్, కెరటిన్ పేరుతో జుట్టు సాఫు చేయించుకునేవాళ్లు వాడే మందు పేరు అడిగి తెలుసుకోవాలి. కొన్నింటినుంచి వేడికి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది. కళ్లు, గొంతు మండుతాయి. అది క్యాన్సర్ కారకం కూడా. దాని బదులు వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లమూ నిరపాయం కాదు. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక 26 ఏళ్ల యువతి గురించి రాసింది. ఆమె మూడుసార్లు జుట్టు సాఫు చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. కిటికీలు మూసిన గదిలో రోజంతా ఆ పని చేసే పార్లర్ అమ్మాయిల ఊపిరి గురించీ ఆలోచించాలి. ఇంట్లో స్ట్రెయిటనర్ వాడేవాళ్లు జుట్టు పూర్తిగా ఆరాకే, 180 డిగ్రీలు దాటకుండా వాడాలి.

చివరగా ఒక విన్నపం. సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వాటి ఆసుపత్రుల్లో చర్మవైద్యులు చూస్తారు. కోదాడ నుంచైనా మిర్యాలగూడ నుంచైనా ఒక పూటలో పోయి రాగలిగిన దూరమే. ముఖం మీద మచ్చ వచ్చినా, జుట్టు కుప్పగా ఊడినా ముందు అక్కడ ఓపీ చీటీ రాయించుకోండి. ఆ తర్వాతే ఏ ట్యూబైనా కొనండి.